రాజు ఎక్కి వచ్చిన రథం

1965లో తయారైన అంబాసిడర్ ఒకటి ఇవాళ్టికీ రోడ్డు మీద తిరుగుతోందంటే, దాంట్లో ఆనాటి సరుకు ఎంత మిగిలి ఉంటుంది? క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనింగులు, టైర్లు, బ్యాటరీలు ఎన్నిసార్లు మారాయో లెక్కే ఉండదు. సీట్ల రెక్సిన్ చిరిగినప్పుడల్లా కొత్తది కుట్టించి ఉంటారు. తుప్పు తిన్న చోట రేకు కోసేసి, కొత్త రేకు అతికి, పుట్టీ పెట్టి రంగు కొట్టి ఉంటారు. ఇంజన్ ఆయిల్ తాగడం మొదలెడితే బోరు చేయించి ఉంటారు. అదీ లాభం లేదనుకున్నాక పెట్రోలు ఇంజన్ దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించి ఉంటారు. అయినా ఆ బండి యజమాని బానెట్ మీద చెయ్యి వేసి ‘మా నాన్న హౌరా బ్రిడ్జి మీద నడిపిన బండి ఇదే’ అంటాడు. వినేవాళ్లకు అందులో అబద్ధమేమీ కనిపించదు. ‘ఇది’ అంటే సరిపోయేది, ‘ఇదే’ అన్నాడు. ఆ చివరి ఏకారం దేన్ని పట్టుకుని నిలబడింది? రేకునా, ఇంజన్‌నా, రిజిస్ట్రేషన్ కాగితాన్నా, అతని మనసులోని మమకారాన్నా? మన దర్శనకారులు తరాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇది. వాళ్లు కూడా దీన్ని బండిని ముందు పెట్టుకునే వాదించారు.

బౌద్ధుల మిళిందపన్హలో యవనరాజు మిళిందుడు, భిక్షువు నాగసేనుడు కలుసుకునే ఘట్టం ప్రసిద్ధమే. ‘నన్ను నాగసేనుడంటారు గానీ అలాంటి పుద్గలుడు, అంటే వ్యక్తి, ఎవడూ లేడు’ అని భిక్షువు మొదలుపెడితే రాజు ఒప్పుకోడు. అప్పుడు నాగసేనుడు రాజు ఎక్కి వచ్చిన రథాన్నే చర్చకు లాగుతాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా, అన్నీ కలిపి కుప్ప పోస్తే రథమా, ఇవేవీ కాని మరొకటి రథమా అని ఒక్కొక్కటే అడుగుతాడు. రాజు అన్నిటికీ కాదనే చెప్పాల్సి వస్తుంది. రథమన్నది వట్టి పేరు, వ్యవహారం కోసం పెట్టుకున్న గుర్తు అని తేలుతుంది. తర్వాత శతాబ్దాల్లో బౌద్ధాచార్యుడు చంద్రకీర్తి ఇదే విచారణను ఏడు విధాలకు పెంచి, ఏ విధంగా వెతికినా రథం దొరకదని చూపించాడు. విచారించకుండా లోకం వాడుకునే రథాన్ని మాత్రం ఆయన కాదనలేదు. ఈ వాదాన్ని వినేవాళ్లు దాదాపు ఎప్పుడూ విడిభాగాల జాబితా దగ్గరే ఆగిపోతారు. జాబితాకు ముందు నాగసేనుడు మరో ప్రశ్న అడిగాడు: మహారాజా, నడిచి వచ్చావా, వాహనం మీద వచ్చావా? రథం మీద వచ్చానన్నాడు రాజు. ఆ రావడాన్ని సంవాదం ముగిసేదాకా ఇద్దరిలో ఎవరూ కాదనలేదు. ముక్కలుగా విడిపోయింది నిలబెట్టిన రథం. రాజును ఎండలో కాళ్లు కాలకుండా తెచ్చిన రథం విచారణలోకి రానేలేదు.

నేను చెప్పదలచింది ఇక్కడే ఉంది. పాత బండిని ‘అదే’ అనిపించేది దాని భాగాలూ కావు, భాగాలకు వెనక దాక్కున్న ఏదో సారమూ కాదు. తెగకుండా సాగిన దాని నడక. నాగార్జునుడు మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణాన్ని పూర్తిగా ఈ నడకకే కేటాయించాడు. పోయేవాడిని, పోకను, దారిని విడదీసి చూస్తే మూడింటిలో ఏదీ తనంతట తాను నిలవదని ఆయన తేల్చాడు. పోకను పక్కన పెడితే పోయేవాడు లేడు, పోయేవాడు లేకుండా పోక లేదు. నాగార్జునకొండ ఈయన పేరు మోస్తోంది కాబట్టి తెలుగువాళ్లం ఆయన్ని మనవాడనుకుంటాం గానీ, ఈ ప్రకరణాన్ని మన వీధుల్లోకి తెచ్చుకుని చదివింది తక్కువ. దాన్ని చదవడానికి ఇరుకైన వంతెనను మించిన చోటు లేదనిపిస్తుంది నాకు.

కలకత్తాలో హుగ్లీ నది మీది హౌరా వంతెననే తీసుకుందాం. 1874 నుంచి అక్కడ పడవల మీద తేలే వంతెన ఉండేది. ఓడ దాటాలంటే మధ్య భాగాన్ని తెరిచేవాళ్లు, అంతసేపూ బళ్లన్నీ ఆగిపోయేవి. ఆ ఇబ్బంది పెరిగి పెరిగి 1943లో ఇప్పటి ఉక్కు వంతెనకు దారి తీసింది. పట్టిన ఉక్కు 26,500 టన్నులు, అందులో 23,000 టన్నులు టాటావారిది. నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా 1,500 అడుగుల దూరాన్ని దాటే ఆ కట్టడంలో నట్లూ బోల్టులూ లేవు, అంతా రివిట్లే. 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టినా జనం నోట హౌరా బ్రిడ్జిగానే మిగిలింది. ఒకప్పుడు దాని 71 అడుగుల వెడల్పు రోడ్డు మీద ట్రాములు, బస్సులు, లారీలు, తోపుడు బళ్లు, లాగుడు రిక్షాలు, వాటి మధ్య అంబాసిడర్లు. ఆ బండి పుట్టిన ఉత్తరపారా కూడా హుగ్లీ నది పడమటి ఒడ్డునే, హౌరాకు ఎగువన ఉంది. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చు పట్టుకుని హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 దాకా దాన్ని తయారు చేసింది. అలాంటి బండితో ఆ వంతెన మీద ఇరుక్కున్న డ్రైవరును దగ్గరగా చూడండి. పవర్ స్టీరింగ్ లేదు. గేరు కాడ స్టీరింగ్ కిందనే, ఎడమ చేతికి అందేలా ఉంటుంది. ముందున్న ట్రాము ఒక జానెడు కదిలితే హాఫ్ క్లచ్ మీద తానూ ఒక జానెడు కదలాలి. పూర్తిగా వదిలితే గుద్దుకుంటుంది, పూర్తిగా తొక్కితే పక్కనున్నవాడు ఆ సందులోకి దూరతాడు. రేడియేటర్ మరుగుతుందేమోనని ఒక కన్ను మీటరు మీద. ఆ గంటలో క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఎడమ కాలికి తెలుసు, మనిషిని అడిగితే చెప్పలేడు. కాలు, క్లచ్, ముందున్న ట్రాము, కింద ఉక్కు, అన్నీ కలిసి ఒకే పని చేస్తున్నాయి. ఏళ్ల తర్వాత మనిషి ‘ఆ బండి’ అని తలచుకునేది ఆ పనినే.

తలచుకోవడం అన్నాం కాబట్టి న్యాయదర్శనం వాళ్లైన నైయాయికులు అడ్డం వస్తారు. రావలసిందే. తెలుగువాడిగా పేరుపడ్డ అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విడదీసి, సంస్కారం (అనుభవం మిగిల్చిన ముద్ర) నుంచి మాత్రమే పుట్టేది స్మృతి అన్నాడు. అక్కడ ‘మాత్రమే’ అన్న మాట ఊరికే పడలేదు. ప్రత్యభిజ్ఞను, అంటే గుర్తుపట్టడాన్ని, స్మృతిలో కలిసిపోకుండా ఆపడానికే అది అక్కడ ఉంది. ఆనాడు చూసిన దేవదత్తుడనే మనిషే ఈయన అని గుర్తుపట్టాలంటే పాత సంస్కారం ఒక్కటీ చాలదు, ఎదురుగా మనిషి ఉండాలి, కన్ను పనిచేయాలి. జ్ఞాపకానికి వస్తువు అక్కర్లేదు, గుర్తుపట్టడానికి కావాలి. న్యాయదర్శనం స్మృతిని ప్రమాణాల్లో చేర్చలేదు, ఒకనాటి అనుభవాన్ని తిరిగి చెప్పడమే తప్ప అది కొత్తగా తెలిపేదేమీ లేదని. పాత కారుకు విలువ ఎక్కడుందో ఈ తేడా నాకు చూపిస్తుంది. ఫొటో చూసినా, నిద్రపట్టని రాత్రి తలచుకున్నా వచ్చేది జ్ఞాపకమే. అదే మనిషి అదే బండిలో కూర్చుని క్లచ్ మీద కాలు పెట్టిన క్షణాన జ్ఞాపకం గుర్తుపట్టడంగా మారుతుంది. అప్పుడు జ్ఞాపకం చెప్పిన తప్పులు బయటపడతాయి కూడా. సీటు తలచుకున్నంత మెత్తగా లేదు, స్టీరింగ్ రెండు చేతులా లాగితే గానీ తిరగదు, బ్రేకు నమ్మకంగా లేదు. పాత రోజుల్ని తలచుకోవడమంటే వాటికి తీపి పూయడమేనని, పొగలో చెమటలో ఇరుక్కున్న గంటల్ని బంగారు రోజులని చెప్పుకోవడమేనని ఆక్షేపించేవాళ్ల మాటలో నిజముంది. అయితే ఆ తీపిని కడిగేయగలిగింది ఏదైనా ఉంటే అది నడుస్తున్న బండే. గాజు వెనక పెట్టిన బండికి ఆ శక్తి లేదు.

ఈ కారణంగానే 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది. 50 ఏళ్లు దాటిన బండి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజ్. దానికి కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రం రోడ్డెక్కవచ్చు. రోజువారీ తిరగడానికి వీల్లేదు. రెండో షరతుతో నాకు పేచీ లేదు. పాత ఇంజన్ వదిలే పొగను పక్కనున్న పిల్లలు పీల్చాలి, ఎవరి జ్ఞాపకమూ అంత విలువైంది కాదు. కలకత్తాలో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాల్ని తప్పించమని 2008లో హైకోర్టు ఆదేశించింది ఈ బాధతోనే. నా పేచీ మొదటి షరతుతో. అది నాగసేనుడి జాబితానే తిరగేసింది. ఆయన ఇరుసులో రథం లేదన్నాడు, ఈ నిబంధన ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో బండి ఉందంటోంది. ఇద్దరూ చూస్తున్నది నిలబెట్టిన బండినే. యాభై ఏళ్లు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకున్న కారు అసలైనదిగా నెగ్గుతుంది. యాభై ఏళ్లు కుటుంబాన్ని మోసి, ఆ మోతలో ఇంజన్ అరగ్గొట్టుకుని మరో ఇంజన్ వేయించుకున్న కారు ఓడిపోతుంది. దొంగతనాల్ని, తప్పుడు కాగితాల్ని పట్టుకోవడానికి ఛాసిస్ నంబరు కావాలి, కాదనను. కానీ దొంగను పట్టే గుర్తు వేరు, బండిని బండిగా నిలిపేది వేరు.

భాగాలన్నీ మారినా అదే అంటే ఇక దేన్నైనా అదే అనవచ్చు కదా, ఊడబెరికిన పాత భాగాలన్నీ ఒకడు ఏరుకుని మరో బండి బిగిస్తే రెండింట్లో ఏది అసలు అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. వైశేషిక దర్శనం వాళ్ల నిక్కచ్చి లెక్క ప్రకారమైతే రెండూ కావు. బట్టలోంచి ఒక్క దారం ఊడినా పాత బట్ట నశించి కొత్త బట్ట పుట్టినట్టే అంటారు వాళ్లు. ఆ లెక్కన మొదటి టైరు మార్చిన రోజే బండి పోయింది. నేను మాత్రం తెగకుండా నడిచినదే అసలు అంటాను. ఏరుకున్నవాడి దగ్గర ఉన్నది ఆ బండి సామాను, దాని నడక కాదు. ఈ మాటకు ఆధారం పూరీలో దొరుకుతుంది. జగన్నాథుడి నందిఘోష రథాన్ని ఏటేటా అక్షయ తృతీయ నాడు మొదలుపెట్టి కొత్త కలపతో కడతారు. నిరుడు తిరిగిన చక్రాలు పదహారూ ఈ ఏడు ఉండవు. అయినా రథం సాగే బడదండ వీధి మీద తాడు పట్టుకున్న ఏ భక్తుడూ ఇది కొత్త రథం కదా, నందిఘోష ఎలా అవుతుందని అడగడు. స్వామి విగ్రహాలనే కొత్త కలపతో మార్చే నవకళేబరం ఉంది, చివరిసారి 2015లో జరిగింది. అక్కడ ఒకటిగా నిలిచింది కలప కాదు. ఎవరు కలప తేవాలి, ఎవరు చెక్కాలి, ఎవరు లాగాలి అన్న సేవ తెగకుండా సాగుతోంది, రథం ఆ సేవలో ఉంది.

పూరీలో అలా చెల్లేది స్వామి ఉన్నాడు కాబట్టి, కారుకు ఆత్మ ఎక్కడిది అని వేదాంతి అనవచ్చు. కఠోపనిషత్తు చెప్పినట్టు శరీరం రథం, రథి ఆత్మ. మారనిది రథి ఒక్కడే, రేకు మీద మమకారం మోహం తప్ప మరొకటి కాదంటాడు. ఈ ఆక్షేపణకు తల వంచాకే జవాబు చెప్పాలి. అదే ఉపనిషత్తు బుద్ధిని సారథి అంది, మనసును పగ్గం అంది, ఇంద్రియాల్ని గుర్రాలంది, అక్కడితో ఆగకుండా విషయాల్ని ఆ గుర్రాలు పోయే దారులంది. ఆ వెంటనే, ఇంద్రియాలతో మనసుతో కూడిన ఆత్మనే భోక్త అంటారని చెప్పింది. శుద్ధాత్మ మారకపోవచ్చు. అనుభవించేవాడు మాత్రం రథం, పగ్గం, దారి కలిసినప్పుడే ఉన్నాడు. వంతెన మీద చెమట పట్టినవాడు, కాలితో క్లచ్‌ను తెలుసుకున్నవాడు ఆ భోక్త. ఇక మోహం సంగతి. ఈ బండి ఎప్పటికీ ఇలాగే ఉండాలని రేకు మీద ఈగ వాలనివ్వనివాడు మోహంలో ఉన్నాడనే నేనూ అంటాను. ఇది అరిగేదే, విరిగేదే అని తెలిసి, ప్రతి నెలా బానెట్ ఎత్తి ఆయిల్ చూసుకునేవాడి చేతిలో ఉన్నది మోహం కాదు. వంతెన కూడా అలాంటి చేతుల మీదే నిలిచింది. పాదచారులు ఉమ్మిన తాంబూలం రసం వేలాడే ఉక్కు కడ్డీల మొదళ్లను తినేసింది. 2007 నుంచి 2011 లోపు అక్కడి తొడుగులు 6 మిల్లీమీటర్ల మందం నుంచి 3కు అరిగాయని తేలి, వాటికి ఫైబర్‌గ్లాస్ కవచాలు తొడిగారు. ట్రాములు 1993లోనే వెళ్లిపోయాయి. వంతెన మాత్రం అదే.

ఒక చోట నా వాదం ఆగిపోతుంది. ఒకడి అనుభవాన్ని మరొకడు స్మరించలేడని న్యాయదర్శనం ఖండితంగా చెబుతుంది. సంస్కారం ఏ ఆత్మలో పడిందో స్మృతి అక్కడే లేవాలి. ‘మా నాన్న నడిపిన బండి ఇదే’ అన్న కొడుక్కి తండ్రి ఇరుక్కున్న ఆ మధ్యాహ్నం ఎన్నటికీ జ్ఞాపకం రాదు. ట్రాము గంట వినబడదు, వినబడబోదు కూడా. బండి ద్వారా అతనికి అందేది వేరొకటి. తండ్రి పక్క సీట్లో కూర్చుని, తన చెయ్యి కొడుకు చేతి మీద వేసి, స్టీరింగ్ కింది గేరు కాడను మొదటి గేరులోకి ఎలా తేవాలో ఒకసారి చూపిస్తాడు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చెప్పలేక, మెల్లగా వదలమంటాడు. బండి రెండుసార్లు కుదుపు పెట్టి ఆగిపోతుంది. మూడోసారి కదులుతుంది.