పరవాసములో దైవభయము

ధ్యాన వాక్యము: 1 పేతురు 1:17



అపొస్తలుడైన పేతురు తన మొదటి పత్రికను పుట్టిన ఊళ్లలో స్థిరపడినవారికి వ్రాయలేదు. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతములలో చెదరియున్నవారికి వ్రాసెను. మీరు తండ్రీ అని పిలుచుచున్న దేవుడే పక్షపాతమెరుగని న్యాయాధిపతి గనుక, పరాయిచోట మీరు గడుపు దినములు ఆయనయెడల భయము గల దినములుగా ఉండవలెనని వారికి బోధించెను.

ఊరు విడిచి వచ్చినవారికి ఈ మాట మరింత అవసరము. సొంత ఊరిలో మనిషిని అదుపులో ఉంచునవి చాలా ఉండును. ఫలానావారి బిడ్డ అను పేరు, పెద్దల చూపు, నలుగురు ఏమనుకొందురో అను బెదురు. రైలెక్కి వచ్చిన తరువాత వీటిలో చాలా భాగము వెనుకనే నిలిచిపోవును. అప్పుడు మనలో ఏ భయము మిగిలియుండునో అదియే మన నిజమైన దైవభయము.

ఈ భయమేమిటి? మన తెలుగు బైబిలు భయభక్తులు అని రెండు మాటలను కలిపి చెప్పుచున్నది. భయమొక్కటే ఉన్నయెడల ఏదెను తోటలో ఆదామువలె చెట్లచాటున దాగుదుము. భయము లేని భక్తియైతే దేవుని చులకనగా తీసుకొందుము. శిక్షకు వెరచుట దాసుని భయము. తండ్రి మనస్సు నొచ్చుకొనునేమో అని వెరచుట బిడ్డ భయము. పేతురు ఆ వెంటనే మన విమోచనకు చెల్లింపబడిన వెలను జ్ఞాపకము చేసెను. అది వెండి కాదు, బంగారము కాదు, క్రీస్తు రక్తము. ఆ వెల ఎరిగినవాడు ఆ ప్రేమను తేలికగా ఎంచ వెరచును.

ఆదికాండము 20వ అధ్యాయములో అబ్రాహాము గెరారులో పరదేశిగా ఉండెను. ఆ స్థలములో దైవభయము ఉండదని ముందుగానే తలంచి, తన భార్యను సహోదరి అని చెప్పెను. అయితే దేవుడు కలలో మాటలాడినప్పుడు రాజైన అబీమెలెకు తెల్లవారగానే లేచి సేవకులకు సంగతి తెలిపెను. వారందరు మిక్కిలి భయపడిరి. భయము లేదనుకొన్న ఊరిలోనే భయము కనబడెను. విశ్వాసులకు తండ్రియైనవాడు ఆ రాజు ముందు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. "ఈ ఊరు ఇంతే, ఇక్కడ ఇలా చేయకపోతే బ్రతకలేము" అను మాట మన నోట వచ్చునప్పుడు గెరారును తలంచుకొందము.

దైవభయమును కొలుచు కొలమానమేది? గుడిలో చెప్పులు విడుచుట మంచిదే, తల వంచి ప్రార్థించుట మంచిదే. అయితే లేవీయకాండము 19వ అధ్యాయము మనలను మరొక చోటికి తీసుకొనిపోవుచున్నది. 13వ వచనము కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద నిలువరాదని చెప్పును. 14వ వచనము చెవిటివానిని తిట్టరాదని, గ్రుడ్డివాని త్రోవకు అడ్డము పెట్టరాదని చెప్పి, దేవునికి భయపడుమని ముగించును. ఎందుకు? చెవిటివాడు తిట్టు వినలేడు. గ్రుడ్డివాడు అడ్డము పెట్టినదెవరో చూడలేడు. వారి పక్షమున వినువాడు, చూచువాడు దేవుడొక్కడే. కనుక మనకు ఎదురు చెప్పలేనివారియెడల మనము ఎట్లుందుమో అక్కడనే మన భయభక్తులు బయటపడును.

నెహెమ్యా పారసీక రాజు కొలువు నుండి వచ్చి 12 సంవత్సరములు యూదా దేశమునకు అధికారిగా ఉండెను. అతనికి ముందున్న అధికారులు ప్రజలయొద్ద ఆహారమును, ద్రాక్షారసమును, 40 తులముల వెండిని తీసుకొనిరి. వారి పనివారు సహితము జనులమీద అధికారము చెలాయించిరి. నెహెమ్యా తీసుకొనగలడు, అడ్డగించువాడు లేడు. అయినను తీసుకొనలేదు. తన దైవభయమే దానికి కారణమని అతడు వ్రాసుకొనెను (నెహెమ్యా 5:14, 15).

మన తెలుగు బాప్తిస్టు చరిత్రలోను ఇట్టి సాక్ష్యమున్నది. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి పని కల్పించిరి. ఆ దినములలో బాప్తిస్మము పొందమంటే కాదనువారెవరు? ప్రాణము నిలుపు కూలి ఆయన చేతిమీదుగా వచ్చుచున్నది. అయినను అన్నము కొరకు ఎవరును క్రీస్తు నామము ధరింపరాదని, సహాయము సాగుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములను ఆపిరి. సహాయపు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందు నిలుపబడిన ఆ నెలలను కూడ చెప్పుకొనవలెను. కాదనలేని మనిషిమీద తన అధికారమును వాడుకొనకుండుట దైవభయమే.

ప్రియులారా, 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలోను, షోలాపూరు మగ్గములయొద్దను, ముంబై కట్టడములమీదను చెమటోడ్చినవారిలో మన తెలుగువారు అనేకులు. భాష రాక, లెక్క తెలియక, మేస్త్రీ చెప్పినదే లెక్కగా బ్రతికిన తరములవి. దేవుని కృపవలన ఈనాడు మన సంఘములలో మేస్త్రీలున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఇండ్లు అద్దెకిచ్చువారున్నారు, పనిమనుషులను పెట్టుకొన్నవారున్నారు. పాలమూరు నుండియు శ్రీకాకుళము నుండియు నిన్న దిగినవారు మన తెలుగు మాట విని నమ్మి మన చేతిక్రింద చేరుచున్నారు. వారే నేడు మన చెవిటివారు, మన గ్రుడ్డివారు. అడ్వాన్సు ఎంత, పట్టుకొన్నదెంత, రావలసినదెంత? ఆ చిన్న నోటు పుస్తకము మన చేతిలో నున్నది. దానిని చదువలేనివాని ఎదుట దేవుడు నిలిచి చదువుచున్నాడు.

కూలివాని, విధవరాలిని, తండ్రి లేనివానిని, పరదేశిని బాధించువారు తనకు భయపడనివారని మలాకీ 3:5లో దేవుడు తేల్చి చెప్పెను. అట్టివారు ఆనాడు ఆరాధన మానినవారు కారు, బలులు తెచ్చుచునే యుండిరి.

కనుక రాబోవు ప్రభువు బల్లకు ముందు మనలను మనము పరీక్షించుకొందము. పనివారి లెక్కను వారికి తెలిసిన భాషలో వారి ఎదుటనే చదివి వినిపించుదము. ఇవ్వవలసిన కూలిని ఆదివారము రాకముందే ఇచ్చివేయుదము. కానుక సంచిలో వేయు రూపాయి ముందుగా ఎవరిదో అడిగి చూచుకొందము. డీకన్లు, కాపరులు ఈ సంగతిని ఇంటి ప్రార్థనలలో మాటలాడుటకు వెరవకుందురు గాక.

మనము తండ్రీ అని పిలుచువాడు, నిన్న రైలు దిగిన ఆ కూలివాడు తండ్రీ అని మొఱ్ఱపెట్టినప్పుడును వినువాడే. ఆయనయెడల భయభక్తులు మన ఇండ్లలోను, పనిస్థలములలోను, సంఘములలోను వర్ధిల్లును గాక. ఆమెన్.