వాకిట నిలిచిన పరదేశి

ధ్యాన భాగములు: ఆది. 18:1–8, లూకా 14:12–14, హెబ్రీ. 13:2



మన ఇంటికి చుట్టము వచ్చినయెడల కాళ్లకు నీళ్లిచ్చి, మంచము వాల్చి, ఉన్నదానిలో మంచిదే వడ్డించుదుము. ఇది మన పల్లెల మర్యాద. అయితే ఇంతటితోనే క్రైస్తవ ఆతిథ్యము నెరవేరినదని తలంపరాదు. హెబ్రీ పత్రికలో ఆతిథ్యమని మనము చదువు మాటకు గ్రీకు భాషలో పరాయివానిని ప్రేమించుట అని అర్థము. చుట్టమునకు పెట్టిన అన్నము రేపు వాని ఇంట మనకు తిరిగి వచ్చును. తిరిగి పెట్టలేనివానిని పిలువుడని ప్రభువు బోధించెను.

ఆ పరాయివాడు ఎక్కడ నున్నాడు? బుద్వేల్ స్టేషనులో దిగి చూడుడు. శంషాబాదు రహదారి వెంట నడిచి చూడుడు. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరచిన తరువాత ఈ వైపు పొలములనేకము ఇండ్ల స్థలములాయెను. ఆ మేడలు కట్టుటకు పాలమూరు నుండి, ఒడిశా నుండి, బీహారు నుండి కూలీలు వచ్చిరి. తాము కట్టిన ఇండ్లలో వారికి చోటు లేదు. రేకుల గదులలో నలుగురైదుగురు కూడియుందురు. ఆదివారమున అట్టివాడొకడు మన గుడిలో వెనుక వరుసను కూర్చుండి, ఆశీర్వాదము కాగానే లేచి వెళ్లిపోయినయెడల, వాని పేరు అడుగువారు మనలో ఎందరు?

ప్రియులారా, వాకిట నిలుచుట మనకు క్రొత్త సంగతి కాదు. మన తాతలలో అనేకులు ఇతరుల వాకిట దోసిలి పట్టి, పైనుండి పోసిన నీళ్లు త్రాగిరి. వేరు గ్లాసు, వేరు చోటు ఎట్టివో మన కుటుంబములు మరువలేదు. క్రీస్తు తన బల్లయొద్ద మనకు చోటిచ్చెను. ఆ బల్లయొద్దనుండి లేచివచ్చిన మనమే నేడు కూలివానిని వాకిటనే నిలిపి, పాత గ్లాసు వెదకి నీళ్లిచ్చినయెడల, మనము పొందిన కృప ఏమాయెను? మీరును ఐగుప్తులో పరదేశులే గనుక పరదేశిని ప్రేమింపుడని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను (ద్వితీ. 10:19). ఆ ఆజ్ఞ మనకును చెందును.

2020 అక్టోబరు 13న కురిసిన గొప్ప వానకు గగన్‌పహాడు వద్ద చెరువు తెగి, బెంగుళూరు రహదారిమీద ఏరు పారెను. అట్టి రాత్రి తలుపు తట్టినవానిని నీవెవడవని అడుగక లోనికి తీసికొందుము గదా! ఆపద దినమున తెరచిన తలుపును మామూలు దినమున ఏల మూయవలెను?

మా యొద్ద ఏమున్నదని కొందరందురు. సారెపతు విధవరాలి యొద్ద ఉన్నది పిడికెడు పిండి, కొంచెము నూనె. అప్పు చేసి విందు చేయుమని ప్రభువు చెప్పలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు చాలును. మనము తినునదే, మనము కూర్చుండు చోటనే పెట్టుట ముఖ్యము. క్రొత్తవానిని నమ్ముట ఎట్లు అను భయము సహజమే. రాత్రి బస ఇయ్యలేకపోయినను, పగలు నలుగురి నడుమ ఒక పూట అన్నము పెట్టవచ్చును.

మరియొక మాట. పురుషుడు పిలుచుట, స్త్రీ ఒక్కతె పొయ్యి యొద్ద శ్రమపడుట ఆతిథ్యము కాదు. అబ్రాహాము తానే పరుగెత్తి, తానే వడ్డించి, అతిథులు తినుచుండగా చెట్టుక్రింద నిలిచెను. పిలిచినవాడు నీళ్లు తోడవలెను, గిన్నెలు కడుగవలెను.

వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, వెనుక వరుసలోని క్రొత్తవాని పేరడిగి ఇంటికి తోడుకొని రండు. ఎమ్మాయు గ్రామమున ఇద్దరు శిష్యులు, దారిలో కలిసిన పరాయివానిని ప్రొద్దుగ్రుంకుచున్నదని బలవంతము చేసి నిలుపుకొనిరి. ఆయన రొట్టె విరిచినప్పుడే వారి కన్నులు తెరవబడెను. వారు ఆ సాయంకాలము తలుపు మూసికొనియున్నయెడల, ప్రభువు వారి వాకిలి దాటి పోయియుండును.

మన వాకిలి ఆయన దాటిపోకుండునట్లు దేవుడు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.