సెలవుచీటీలో సత్యం

బిడ్డలను కన్న తల్లులారా, తండ్రులారా! ఊరికి ప్రయాణం కట్టి, బడికి సెలవుచీటీ రాయడానికి తెల్లకాగితం ముందుకు లాక్కున్న వేళ మీ చేయి పట్టి ఆపి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ముప్పై ఏళ్లు హాజరు పిలిచినవాణ్ణి. మీరు రాసిన చీటీలు వేలకొద్దీ చదివినవాణ్ణి. కనుక ఈ మాట చెప్పడం నాకు హక్కుకన్నా బాకీ.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటిదారి పట్టబోతున్న శిష్యుణ్ణి నిలబెట్టి ఆచార్యుడు చేసే అనుశాసనం ఉంది. అందులో మొదట వచ్చేది సత్యం. తరువాత ధర్మం. ఆ పిమ్మటనే, స్వాధ్యాయంలో ఏమరుపాటు కూడదన్న హెచ్చరిక. ఏళ్ల తరబడి చదువు చెప్పిన గురువే చదువును సత్యానికి వెనుక నిలిపాడు. ఆ వరుసను మనసులో పెట్టుకుని తక్కిన మాటలు వినండి.

ఐదో తరగతి పిల్లవాడొకడు బుధ, గురు, శుక్రవారాలు బడికి రాలేదు. 'జ్వరం వచ్చినందున' అని చీటీ వచ్చింది, కింద తండ్రి సంతకం. సోమవారం వచ్చాడు. నున్నని గుండు, చెవుల వెనుక ఆరిన గంధం. తిరుమల వెళ్లివచ్చారని తరగతిలో ప్రతివారికీ తెలుసు. చీటీలో ఏముందో నాకు తెలుసు. దాన్ని రాస్తున్నప్పుడు నాన్న పక్కన కూర్చున్న వాడికీ తెలుసు. "జ్వరం తగ్గిందా నాయనా?" అన్నాను. తల వంచుకుని, "తగ్గింది సార్" అన్నాడు.

ఆ మూడు రోజుల్లోనే నేను కసాగు చెప్పాను. హారాలు వేరువేరుగా ఉన్న భిన్నాలను కూడడానికి అదే తాళంచెవి. సోమవారం నల్లబల్ల మీద 1/3, 1/4 వేసి కూడమన్నాను. హారాలను 12 చేసి, 4/12కు 3/12 కలిపి, తక్కిన పిల్లలు 7/12 తెచ్చారు. వాడు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడి 2/7 వేశాడు. అందులో వాడి తప్పేమీ లేదు. చెప్పిన రోజు వాడు లేడు. అయితే, "నేను రాలేదు కదా సార్, మళ్లీ చెప్పండి" అన్న ఒక్క మాట వాడి నోట రాలేదు. అడిగితే ఎందుకు రాలేదన్న మాట వస్తుంది. ఆ భయం వాడి నోరు కట్టింది. పోయిన పాఠాన్ని మళ్లీ తెచ్చుకునే దారిని ఇంట్లో రాసిన అబద్ధం మూసివేసింది.

సాయంత్రం వాడి సంచికి చీమలు పట్టాయి. తీసి చూస్తే కాగితం పొట్లంలో లడ్డు. తోటిపిల్లలకు పంచమని తల్లి కట్టి ఇచ్చిన ప్రసాదం. గుండును దాచలేకపోయినవాడు, దాచగలిగినదాన్ని రోజంతా దాచాడు. చిటికెడైనా నలుగురి చేతుల్లో పెట్టి కళ్లకద్దుకోవలసిన ప్రసాదాన్ని దొంగసొమ్ములా పుస్తకాల అడుగున తొక్కిపెట్టవలసిన గతి ఆ పసివాడికి ఎందుకు పట్టింది? తల్లిదండ్రులు భక్తులే, బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్నవారే. కొండెక్కి మొక్కు తీర్చి పుణ్యం తెచ్చామనుకున్నారు. బయలుదేరే ముందు బిడ్డ చూస్తుండగా కాగితం మీద వేసిన సంతకం వారికి గుర్తైనా లేదు.

నా తప్పూ ఉంది, దాచను. ఆ చీటీని మారుమాట లేకుండా ఫైలులో గుచ్చాను. తండ్రిని పిలిచి మాట్లాడవలసిన నేను, కొడుకును ప్రశ్న అడిగి, ఆ అబద్ధాన్ని వాడి నోటితోనే మరోసారి పలికించాను. ఆ "తగ్గింది సార్" నన్ను ఇప్పటికీ వదలలేదు.

మన పెద్దలు సెలవు ఎరగనివారేమీ కారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య వారికి అనధ్యాయాలు. పాడ్యమినాటి చదువు క్షీణిస్తుందన్న నమ్మకం ఎంత పాతదంటే, సుందరకాండలో చిక్కిపోయిన సీతమ్మను అటువంటి చదువుతోనే పోల్చాడు వాల్మీకి. శిష్టుడైన అతిథి ఇంటికి వస్తే పాఠం ఆపమని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. వీధిబడుల కాలంలో దసరాకు పంతులుగారే పిల్లల చేతికి విల్లంబులిచ్చి ఇంటింటికీ తిప్పి, పప్పుబెల్లాలు పెట్టించేవారు. ఆ విరామాలన్నీ గురువు ఎరిగి, ఊరు ఎరిగి, పట్టపగటి వెలుగులో జరిగినవి. పిల్లవాడు తల దించుకోవలసిన సెలవు వాటిలో ఒక్కటీ లేదు.

ఇప్పటి చట్టమూ మీ మీద కఠినంగా లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 రోజులు, 1000 గంటలు. బడి ఇంకొన్ని రోజులు ఎక్కువే నడిచినా, ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి కలిసి ఏడాదిలో ఎన్నో రోజులు బిడ్డ మీ చేతిలోనే ఉన్నాడు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని 2002లో 86వ సవరణ రాజ్యాంగంలోనే చేర్చింది. మనవైపు ఉన్న కర్తవ్యాన్ని దేశం అంత పెద్ద పుస్తకంలో రాసిపెట్టింది.

కాబట్టి బయలుదేరే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: ఈ పని ఆగుతుందా, ఆగదా? మేడారం జాతర రెండేళ్లకొకసారి, మాఘమాసంలో వస్తుంది. సమ్మక్క సారలమ్మలకు బిడ్డ నిలువెత్తు బంగారం మొక్కి ఉంటే, వాణ్ణి తక్కెట్లో కూర్చోబెట్టి ఆ బంగారంగా బెల్లం తూచే రోజు ఆదివారం కోసం ఆగదు. వెళ్లండి. కొనఊపిరితో ఉన్న తాతగారు మనవడి పేరు కలవరిస్తుంటే బడిగంట లెక్కచూడకండి. కృష్ణకు వరద వచ్చి నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తిన రోజున, ఆ నీటి హోరు బిడ్డ చెవిన పడాలన్న మీ కోరికనూ నేను తప్పుపట్టను. ఏ భూగోళం పుస్తకమూ దాన్ని వినిపించలేదు. అయితే బుధవారమైతే క్యూ తక్కువ, పరీక్షల ముందైతే గది అద్దె తక్కువ, సెలవుల్లో రైలు టికెట్ దొరకదు అన్నవి మీ సౌకర్యాలు. వాటి ఖరీదు బిడ్డ చేత కట్టించకండి. మూడు వందలు మిగిలాయని మీరనుకుంటారు. లెక్కల పుస్తకం ముందు మూగగా కూర్చున్నవాణ్ణి చూసినవాణ్ణి నేను.

కర్నూలు పడమటి పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు మూటాముల్లె కట్టుకుని, వెంట పిల్లలను తీసుకుపోయే తల్లులున్నారు. ఈ హితవు వారికి కాదు. ఇంట్లో వదిలి వెళ్లడానికి మనిషి లేక, ఆకలి తరిమితే పోతున్న ప్రయాణం అది. దానికి జవాబు చెప్పుకోవలసింది మనమందరం.

ఉపాధ్యాయులారా, మీతోనూ ఒక మాట. ఒక తండ్రి ధైర్యం చేసి 'జాతరకు పోతున్నాము, నాలుగు రోజులు' అని ఉన్నదున్నట్టు రాస్తే, ఆ కాగితాన్ని విసిరికొట్టి, పిల్లవాణ్ణి తరగతి ముందు నిలబెట్టి కసిరిన బడులున్నాయి. అదే బడిలో జ్వరం చీటీ చడీచప్పుడు లేకుండా చెల్లుతుంది. నిజానికి శిక్ష, అబద్ధానికి సంతకం. ఇంతకన్నా స్పష్టమైన పాఠం పిల్లలకు ఇంకేం కావాలి? వద్దనవలసి వస్తే వద్దనండి, కారణం చెప్పండి, తండ్రితో వాదించండి. నిజం చెప్పిన నోటిని మాత్రం నొప్పించకండి. వాడు తిరిగి వచ్చిన రోజున పోయిన పాఠాన్ని పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. ఆ పది నిమిషాలు నేను ఆనాడు ఇవ్వలేదు.

తల్లులారా, తండ్రులారా, వెళ్లక తప్పదనుకున్నప్పుడు చీటీ మీరు రాయకండి, బిడ్డ చేత రాయించండి. ఏ ఊరు, ఎందుకు, ఎన్ని రోజులు అన్నది వాడి మాటల్లో, వాడి అక్షరాల్లో ఉండనివ్వండి. అక్షరదోషాలుంటే ఉండనీయండి. కింద సంతకం మీరు పెట్టండి. ఒకరోజు ముందే వాణ్ణి వెంటబెట్టుకుని బడికి వెళ్లి, అయ్యవారి చేతికి వాడి చేతనే ఇప్పించండి. ఆయన కాదంటే వాడి ఎదుటనే వినండి. తిరిగి వచ్చిన రాత్రి, అలసట ఎంత ఉన్నా, పక్కింటి పిల్లవాడి నోటుబుక్కు తెచ్చి పోయిన లెక్కలు ఏవో చూడండి. మీకు రాకపోతే, మర్నాడు పంతులుగారిని అడగమని వాడికి ధైర్యం చెప్పండి. ప్రసాదం పొట్లం సంచిలో పుస్తకాల మీద పెట్టండి, చెయ్యి పెట్టగానే అందేటట్టు.