సంతకము కూడ మాటయే

ధ్యాన భాగములు: లూకా 14:28-30, యెహోషువ 9, కీర్తన 15:4, సామెతలు 6:1-5



ఈ మాసము నేను వ్రాయబోవు సంగతి పల్లె సంఘములకు తగినది కాదని కొందరు తలంతురేమో. సెలవు దినములలో కొండలకో సముద్రతీరమునకో పోయి బస చేయుటకు అనేక సంవత్సరముల సొమ్ము ముందుగానే కట్టుకొను పద్ధతి ఒకటి కలదు. దానిని టైమ్ షేర్ అందురు. "అయ్యగారూ, నాట్లు వేసికొను మాకు ఊటీ ఎందుకు?" అని మీరు అడుగవచ్చును. అయితే మన పిల్లలలో అనేకులు నేడు పొలములో లేరు. సూర్యాపేట దారిన పోవు మన బస్సు హైదరాబాదులో ప్రవేశించి మొదట ఆగు పెద్ద కూడలి ఎల్.బి.నగర్. అక్కడ మన కుమారులు ఉద్యోగములు చేయుచున్నారు. కొంచెము ముందుకు పోయిన దిల్‌సుఖ్‌నగర్. అక్కడ మన కుమార్తెలు హాస్టళ్లలో ఉండి కోచింగు సెంటర్లలో చదువుకొనుచున్నారు. వారు ఆ వీధులలో ఏ కాగితముపై సంతకము చేయుదురో దాని భారము కొన్నిసార్లు మన ఊరి ఇంటిపైకి వచ్చి కూర్చుండును. కాబట్టి ఈ సంగతి మనదే.

మన సంఘపు యౌవనుడొకడు ఎల్.బి.నగర్‌లో చిన్న ఉద్యోగము చేయుచున్నాడు. అతని భార్య ఒక ఆసుపత్రిలో నర్సు. ఇద్దరు పిల్లలు. తల్లి మన ఊరిలోనే ఒంటరిగా ఉన్నది. వర్షములకు ముందు ఇంటి పైకప్పు బాగుచేయించెదనని అతడు క్రిస్మస్ నాడు తల్లికి మాట ఇచ్చియుండెను. గత వేసవిలో భార్యాభర్తలు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టలు కొనబోయిరి. దుకాణము వాకిట లక్కీ డ్రా పెట్టె యుండగా, కాగితముపై పేరు, ఫోను నంబరు వ్రాసి అందులో వేసిరి. వారము తిరుగకముందే ఫోను వచ్చెను. "మీకు బహుమానము వచ్చినది, భార్యాభర్తలిద్దరును కలిసి రండి" అనిరి.

ఆదివారము ఆరాధన ముగించుకొని వారు పోయిరి. చల్లని హాలు. పిల్లలకు బిస్కెట్లు, రంగుపెన్సిళ్లు ఇచ్చిరి. ఒకరి తరువాత ఒకరు ముగ్గురు వచ్చి మాటలాడిరి. మున్నారు, గోవా బొమ్మలు చూపిరి. మొదట 6 లక్షలన్నది మూడు గంటలలో 4 లక్షలకు దిగెను. "ఈ ధర ఈ దినమునకే, ఇంటికి పోయి వచ్చిన ఉండదు" అనిరి. "మీ పిల్లలకు మీరు ఈ మాత్రము చేయలేరా?" అని కూడ అడిగిరి. ఆ మాటకు అతడు సంతకము చేసెను. క్రెడిట్ కార్డుపై 40,000 రూపాయలు అప్పుడే కట్టెను. తక్కినది నెలకు 10,000 చొప్పున 36 నెలలు. సభ్యత్వము 25 సంవత్సరములు, ఏటా 7 దినములు.

నాలుగవ దినమున అతడు కాగితములు చేతపట్టుకొని నాయొద్దకు వచ్చెను. "అయ్యగారూ, నెలకు పదివేలు ఇటు పోయిన అమ్మ ఇంటికప్పు వేయలేను. అయితే నష్టము కలిగినను మాట తప్పనివాడే దేవుని పర్వతముపై నివసించునని 15వ కీర్తన చెప్పుచున్నదని మీరే బోధించితిరి గదా. ఇప్పుడు తప్పుకొనుట పాపము కాదా?" అని అడిగెను.

నేను తొందరపడి, "మాట ఇచ్చితివి నాయనా, నిలుపుకొనవలెను" అంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏలయనగా అతడు ఇచ్చిన మాట ఒకటి కాదు, రెండు. తల్లికిచ్చినది ముందటిది.

నేను ఆ కుటుంబమునకు చివరకు ఏమి చెప్పితినో తెలుపకముందు, ఈ పద్ధతి ఎట్టిదో చూతము. ఇది 1960లలో యూరపులో మొదలైనది. ఒక విడిది గృహమును సంవత్సరములోని వారములుగా పంచి, వారమునకొక కుటుంబమునకు అమ్ముట దీని మూలము. మన దేశములో స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్ 1986లోను, మహీంద్రా హాలిడేస్ 1996లోను ఈ వ్యాపారమునకు ఏర్పడినవి. మన దేశములో సాధారణముగా అమ్మబడునది గది కాదు, భూమి కాదు. నిర్ణీత సంవత్సరముల పాటు ఏటా కొన్ని దినములు బస చేయు హక్కు మాత్రమే. పొలము కొన్నట్లు పట్టా రాదు. సంవత్సరమును రద్దీ కాలములుగాను, ఖాళీ కాలములుగాను విభాగింతురు. తక్కువ వెల సభ్యత్వమునకు క్రిస్మస్, వేసవి సెలవుల దినములు దొరకుట కష్టము. ఇదిగాక ప్రతి సంవత్సరము నిర్వహణ రుసుము కట్టవలెను. అనేక ఒప్పందములలో మీరు పోయినను పోకపోయినను అది కట్టవలసినదే, ఏడేడు పెరుగవచ్చును కూడ.

విహారము పాపమా? కాదు. యేసు తలిదండ్రులు ఏటేట పస్కా పండుగకు యెరూషలేమునకు పోయిరి. అలసిన శిష్యులను ప్రభువే ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము విశ్రమింపుడని పిలిచెను (మార్కు 6:31). భార్య రాత్రి డ్యూటీ చేసి, భర్త పగలు పనిచేసి, ఒకరి ముఖమొకరు చూచుకొనుటకు తీరిక లేని ఇంటికి వారము దినముల విశ్రాంతి దేవుని వరమే. కాబట్టి విశ్రాంతి కోరుటలో ఆ యౌవనుడు తప్పు చేయలేదు.

అయితే గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. మనమును కూర్చుందము. 4,00,000 రూపాయలను 25 సంవత్సరములకు పంచిన ఏటికి 16,000. నిర్వహణ రుసుము ఏటికి 15,000 అనుకొందము. మొత్తము 31,000. ఏడు రాత్రులకు పంచిన రాత్రికి సుమారు 4,430. రైలు టిక్కెట్లు, భోజనములు వేరు. రెండేండ్లకొకసారి మాత్రమే పోయిన, ఆ రాత్రి వెల సుమారు 8,860 అగును.

మరియొక విధముగా చూతము. ఆ 4 లక్షలు బ్యాంకులో నూటికి 6 వడ్డీకి ఉంచిన ఏటికి 24,000 వచ్చును. ఆ వడ్డీకి, కట్టకుండ మిగిలిన రుసుము 15,000 కలిపిన 39,000. దానితో ఏటా మీకు నచ్చిన ఊరిలో నచ్చిన దినములలో గది తీసికొనవచ్చును. అసలు 4 లక్షలు మీయొద్దనే యుండును. రాత్రికి 3,000 రూపాయల గది చాలునన్న కుటుంబమునకు ఏడు రాత్రులకు 21,000 మాత్రమే అగును. రద్దీ కాలములో 8,000 రూపాయల గదిలోనే దిగు అలవాటు గల కుటుంబమునకు 56,000 అగును. అట్టివారు ఏటేట తప్పక పోవువారై, అప్పు లేక కట్టగలవారై, తమకు కావలసిన కాలము ఒప్పందములో వ్రాయబడి యున్నయెడల, వారికి ఇది లాభమే కావచ్చును. నేను వారిని తప్పుపట్టను. ఒకరికి సరిపోవు చెప్పు మరియొకరి కాలిని కరచును.

మన యౌవనుని కుటుంబము గడచిన అయిదేండ్లలో ఎన్నిసార్లు విహారమునకు పోయెను? ఒక్కసారి, నాగార్జునసాగరుకు. తక్కిన సెలవులన్నియు ఎక్కడికి పోయినవి? క్రిస్మస్‌కు మన ఊరికి, వేసవిలో అత్తవారింటికి, పెండ్లిండ్లకు, చావులకు. అవి మన జనుల సెలవులు. అట్టి కుటుంబము తాను ఎన్నడును జీవింపని జీవితమునకు 25 సంవత్సరములు సొమ్ము కట్టుదునని ఒప్పుకొనెను. రేపు ఏమి సంభవించునో తెలియదనియు, ప్రభువు చిత్తమైన బ్రతికియుందుమని చెప్పుకొనవలెననియు యాకోబు వ్రాసిన మాట (4:13-15) ఆ హాలులో ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

ఎందుకు రాలేదు? యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయము చదువుడి. గిబియోనువారు బూజుపట్టిన రొట్టెలు, చినిగిన తిత్తులు తెచ్చి, దూరదేశమునుండి వచ్చితిమని చెప్పిరి. ఇశ్రాయేలు పెద్దలు కన్నులకు కనబడినదానిని పరీక్షించిరిగాని దేవునియొద్ద విచారింపలేదు. మూడు దినములలో నిజము తెలిసెను, అప్పటికే ప్రమాణము చేసియుండిరి. వారు మూఢులు కారు. వారికి లేనిది ఒక రాత్రి ఆలస్యము. మంచి బేరము మరునాటికి కూడ మంచిదే. రాత్రి ప్రార్థనకు, భార్యతో మాటకు, తల్లితో ఒక ఫోనుకు తాళలేని బేరమును అనుమానింపవలెను.

ఇప్పుడు ఆ యౌవనుని ప్రశ్నకు వత్తును. మోసపోయిన ఇశ్రాయేలువారు తమ ప్రమాణమును నిలుపుకొనిరి. తప్పినయెడల గిబియోనువారి ప్రాణములు పోవును గనుక వారట్లు చేయుట న్యాయము. 15వ కీర్తన కాపాడునది మన మాటను నమ్మి ఆనుకొనినవానిని. అయితే సామెతల గ్రంథము ఆరవ అధ్యాయములో, తన నోటిమాటచేత చిక్కుపడిన కుమారునికి తండ్రి చేయు హితోపదేశము కూడ దేవుని వాక్యమే. నిద్రపోక, పోయి తగ్గించుకొని బ్రతిమాలి విడిపించుకొనుమని ఆ తండ్రి చెప్పుచున్నాడు. పారిపొమ్మని చెప్పలేదు, పోయి అడుగుమని చెప్పెను. ఈ భేదమునందే నా నిద్రలేని రాత్రికి జవాబు దొరికెను.

తెల్లవారిన తరువాత ఆ కాగితములను నేనును, మా సంఘ పెద్దయైన విశ్రాంత ఉపాధ్యాయుడును కూర్చుండి చదివితిమి. పదునొకండవ పుటలో సన్నని అక్షరములలో, పది దినములలోగా వ్రాతపూర్వకముగా తెలిపిన సభ్యత్వము రద్దుచేసికొనవచ్చునని యుండెను. ఇంకను అయిదు దినములు మిగిలియుండెను. "నాయనా, నేను నిన్న తొందరపడి చెప్పితిని, క్షమించుము. ఈ మాటకు కూడ వారు సంతకము చేసిరి. దీని ప్రకారము తప్పుకొనుట మాట తప్పుట కాదు" అని చెప్పితిని. అతడు రిజిస్టరు పోస్టులో ఉత్తరము పంపెను, ఈమెయిలు కూడ పంపెను.

అట్టి గడువు లేకపోయిన, లేక దాటిపోయిన ఏమి చేయవలెను? మోసము జరిగినయెడల, అనగా చెప్పినది ఒకటి, వ్రాసినది మరియొకటి అయినయెడల, న్యాయము కోరుట పాపము కాదు. పౌలు కూడ తన పౌర హక్కును చెప్పుకొనెను. మోసము లేక కేవలము మన మనస్సు మారినయెడల, దాపరికము లేక విడుదల అడుగవలెను. వారు ఒప్పుకొననియెడల ఒప్పందము చెప్పిన నష్టమును భరింపవలెను. 15వ కీర్తన అక్కడ మనలను పట్టుకొనును. మూడు పనులు మాత్రము విశ్వాసికి తగవు: వారమంతయు అనుభవించి వచ్చి సొమ్ము ఎగవేయుట, ఫోను ఆపి దాగుట, నష్టము దాచి పొగడి ఆ సభ్యత్వమును బంధువునికి అంటగట్టుట.

మీ పిల్లలకు ఈ సంగతులు చెప్పుడి. యూరపు దేశముల కూటమి 2008లో చేసిన నిబంధన ప్రకారము టైమ్ షేర్ కొన్నవానికి వెనుకకు తీసికొనుటకు 14 దినముల గడువున్నది, ఆ గడువులో ముందుగా సొమ్ము పుచ్చుకొనరాదు. మన దేశములో టైమ్ షేర్ కొరకే చేయబడిన అట్టి చట్టము లేదు గనుక ఒప్పంద పత్రమును ఇంటికి తెచ్చి చదివిన తరువాతనే సంతకము చేయవలెను. నోటి వాగ్దానములన్నియు పత్రములో వ్రాయించుకొనవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించనియెడల జిల్లా వినియోగదారుల కమిషనులో, మనము నివసించు జిల్లాలోనే, ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల వరకు రుసుము లేదు. రెండు సంవత్సరములలోగా చేయవలెను. 1915 అను నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును.

ఆ యౌవనుని సొమ్ము కొంత కోతతో నాలుగు నెలలకు తిరిగి వచ్చెను. అప్పటికి వానలు పడుచుండెను. ఆ వానకాలమంతయు తల్లి టార్పాలిన్ క్రింద గడిపెను. కొడుకుపై ఒక్క మాటయు అనలేదు. దసరా సెలవులలో అతడు భార్యాపిల్లలతో వచ్చి, కూలివారితో కలిసి తానును రేకులు మోసి కప్పు వేయించెను. సాయంకాలము పిల్లలు నాయనమ్మ మంచముపై పడుకొని కథలు వినుచుండిరి. "అయ్యగారూ, ఇన్నాళ్లకు నిమ్మళముగా కూర్చుంటిని" అని అతడు నాతో చెప్పెను.

మన ప్రభువు మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లు ఉండవలెనని కోరెను. సంతకము కూడ మాటయే. మాట విలువ గలదని నమ్మువాడు దానిని నిదానముగా ఇచ్చును. అవునని చెప్పుటకు ముందు, ఆ అవును ఇదివరకు ఇచ్చిన ఏ మాటను కాదనిపించునో అడిగి చూచుకొనుడి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇండ్లకును, నగరములో నున్న మీ పిల్లలకును నిజమైన విశ్రాంతి దయచేయును గాక. ఆమేన్.