రాదు, లేను, చాతనైతలేదు

ఫిన్నిష్‌లో ‘ఈదలేను’ అనాలంటే ఎందుకు ఈదలేమో ముందే తేల్చుకోవాలి. ఈత నేర్చుకోలేదా? ఎన్ ఓసా. చెయ్యి విరిగిందా, చెరువు గడ్డకట్టిందా? ఎన్ వోయి. ఒంట్లో సత్తువ లేదా? ఎన్ యక్స. టైం చాలదా? ఎన్ ఎహ్ది. అన్నీ ఉన్నాయి గానీ లేచి అంత దూరం పోవడానికి బద్ధకమా? దానికీ ఒక క్రియ ఉంది: ఎన్ వీత్సి. మాట్లాడేటప్పుడు ఈ గీతలు ఇంత కచ్చితంగా ఉండవనుకోండి. కానీ గీతలైతే ఉన్నాయి.

ఇందులో నన్ను ఆపేసింది ఆ ‘ఎన్’. అది ‘నేను’ కాదు, నేను అనే గుర్తును మోసే ‘లేదు’. నువ్వు అయితే ఎత్, అతను లేదా ఆమె అయితే ఎయి. మన లేను, లేవు, లేడు లాగే. 1856లో కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో మన భాషలకు ఫిన్నిష్ వైపు భాషలతో చుట్టరికం ఉందని వాదించాడు. ఆ వాదన నిలబడలేదు. అయినా ఈ ఒక్క పోలిక చూస్తే ఆయనకు ఎందుకలా అనిపించిందో అర్థమవుతుంది. లేకపోవడాన్ని కూడా ఎవరో ఒకరి ఖాతాలో రాసే భాషలు ఇవి.

తెలుగులో ఆ ఖాతా ఇంకా తికమకగా ఉంటుంది. ‘నాకు ఈత రాదు’ అంటే వాక్యంలో కర్త ఈత. అదింకా నా దగ్గరికి రాలేదు, అంతే. రేపు రావచ్చు. ‘ఈదలేను’ అంటే కర్త నేనే. లోటు నాది. ‘నాతోని కాదు’ అంటే నేను పనిముట్టుని, పని జరగట్లేదు. ఇక ‘చేతకాదు’ ఉంది చూశారూ, అది మనిషికి అంటుకుని ‘చేతకానివాడు’ అయిపోతుంది. ‘రానివాడు’ అని ఎవరినీ తిట్టరు. తిట్టంతా చేతకానితనం మీదే.

సంగారెడ్డిలో ఈ మాట మరో దారి పట్టింది. ‘ఇయ్యాల చాతనైతలేదు’ అంటే పని తెలియదని కాదు, ఒంట్లో బాగోలేదని. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడే ఒక ఫ్యాక్టరీ పటాన్‌చెరు వైపు ఉంది. అక్కడ ఒక ఆపరేటర్ ఈ మాటే అన్నాడు. కోస్తా నుంచి వచ్చిన సూపర్‌వైజర్ ‘చేతకాకపోతే ముందే చెప్పాలి కదయ్యా’ అన్నాడు. ఇద్దరూ తెలుగే మాట్లాడారు. స్క్రీన్ మీద ఆ ఆపరేటర్ పేరు పక్కన గడి ఎర్రగా మారింది.

ఆ గడి స్కిల్ మ్యాట్రిక్స్‌లోది. అడ్డంగా మెషిన్లు, నిలువుగా పేర్లు, గడుల్లో పచ్చ లేదా ఎరుపు. డేటాబేస్‌కి కావాల్సింది ఒక బూలియన్: చేయగలడా, లేదా. జ్వరం వచ్చినవాడూ, నేర్పనివాడూ, పన్నెండు గంటల షిఫ్టు దిగినవాడూ అందులో ఒకటే రంగు. బీహార్ నుంచి వచ్చినవాళ్ళు ‘నహీ ఆతా’ అని, ‘నహీ హోతా’ అని వేరువేరుగానే చెప్తారు. ఆ తేడా కూడా గడిలోకి ఎక్కదు.

చేయగలిగితేనే ‘చేయాలి’ అనడానికి అర్థముంటుందని నీతిశాస్త్రంలో ఒక సూత్రం ఉంది, కాంట్ పేరు మీద చెప్తారు. వినడానికి బానే ఉంటుంది. కానీ ఏ ‘గలగడం’? రానివాడికి నేర్పాలి. ఓపిక లేనివాడికి నేర్పితే ఏం లాభం, పడుకోనివ్వాలి. తీరిక లేనివాడికి పని తగ్గించాలి. ఎదుటివాడి ‘లేను’ ఏ రకమో తెలియకపోతే వాడికి మనం ఏం బాకీ ఉన్నామో కూడా తెలియదు. గడిని ఎర్రగా చేసి ఊరుకున్నవాడు బాకీని ఎగ్గొట్టినట్టే అని నా అభిప్రాయం.

తమాషా ఏమిటంటే, పాత చట్టానికి ఈ తేడాలు తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం పెద్దవాళ్ళకు వారానికి 48 గంటలకు మించి పని వద్దంది, ఐదు గంటల లోపే కనీసం అరగంట విరామం ఇమ్మంది. అది ఓపలేనివాడి మాట విన్నది. భోపాల్ తర్వాత 1987లో చేర్చిన సెక్షన్లలో ఒకటి భద్రత గురించి శిక్షణ పొందే హక్కు ఇచ్చింది. అది ‘రాదు’కి జవాబు. ఇంకొకటి, ముంచుకొచ్చే ప్రమాదం గురించి యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు. గుమాస్తా భాషలో రాసిన చట్టం మన యాప్ కన్నా మనిషిని బాగా విడదీసి చూసింది.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్ళు. ఆ పేలుడు కారణాల జోలికి నేను పోవడం లేదు. ఏ ప్రమాదం తర్వాతైనా వినబడే ‘ఆపలేకపోయాం’ అన్న మాట గురించే నా పేచీ. తెలియక ఆపలేదా? అధికారం లేక? తీరిక లేక? లేక ఎన్ వీత్సి, అంత శ్రమ ఎందుకులే అనిపించా? తెలుగులో ఈ నాలుగూ ‘లేకపోయాం’ అనే ఒకే తోకలో ఇమిడిపోతాయి. దుఃఖంలో ఉన్నవాడి నోట ఆ తోక నిజం. జవాబు చెప్పాల్సినవాడి నోట అది దాక్కునే చోటు.

దాక్కోవడానికి ఇంకా మంచి చోటు ‘కుదరదు’. దానికి కర్తే ఉండదు. ‘లీవ్ కుదరదు’, ‘ఈ నెల ట్రైనింగ్ కుదరదు’. పనివాడు ‘లేను’ అన్నప్పుడు చివర ‘ను’ ఉంటుంది, పట్టుకుని నిలదీయొచ్చు. ‘కుదరదు’ చివర ఎవరూ ఉండరు. ఎవరికి కుదరదు సార్ అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.