చీకటి నీటిలోని ఆ జీవి ఎవరి కోసం?



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత ఒక పెద్దాయన నన్ను గుడి మెట్ల దగ్గర ఆపారు. ముప్పయ్యేళ్ళు సున్నపు బట్టీలలో పనిచేసి పిల్లలను చదివించుకున్న మనిషి. ఆ రోజు ప్రసంగంలో నేను పల్నాటి గుహలో దొరికిన ఒక చిన్న జీవి సంగతి చెప్పాను. "ఫాదర్ గారూ, ఆ గుడ్డి పురుగు ఉంటే ఎంత, పోతే ఎంత? రాయి తియ్యకపోతే మా పొయ్యి వెలగదు గదండీ!" అన్నారాయన. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు. నేను దేవుని సృష్టి గొప్పదని ఏవో నాలుగు మాటలు చెప్పి ఆయన్ను పంపించేశాను. సాయంత్రం జపమాల చెప్పుకుంటున్నప్పుడు ఆ మాటలు నాకే చప్పగా తోచాయి. ఆయన ప్రశ్న వేశారు, నేను జవాబు చెప్పలేదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకోవడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఆ జీవిని మీకు పరిచయం చేయాలి. పిడుగురాళ్ళకు దగ్గరలో గుత్తికొండ బిలం ఉన్నది. ముచికుందుడు నిద్రించిన చోటని హిందూ సోదరులు దానిని భక్తితో దర్శిస్తారు. లోపల చీకటిలో నీరు ఉంటుంది. ఆ నీటిలో బతికే ఒక జీవిని 2011లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ఆచార్యులు వై. రంగారెడ్డి గారు, ఆస్ట్రేలియా మ్యూజియంకు చెందిన జార్జి విల్సన్ గారు కలిసి లోకానికి తెలియజేశారు. దానికి ఆంధ్రకోయిడెస్ షాబుద్దీన్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రం పేరు, ఒక పరిశోధకుని పేరు కలిసి వచ్చాయి. రొయ్యకు దూరపు చుట్టం అది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కళ్ళు లేవు. వెలుతురే లేని చోట కళ్ళతో పనేమిటి? మీసాలతో, కాళ్ళతో తడుముకుంటూ బతుకుతుంది. బెలుం గుహలలో దాని దాయాది జాతి మరొకటి బయటపడింది.

ఇంతకంటే ఆశ్చర్యం దాని చుట్టరికం. ఈ కుటుంబంలోనివి గంగా మైదానపు బావులలో ఉన్నాయి. కాశీ బావులలోని జాతిని 1950లోనే వర్ణించారు. మిగిలిన దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? పశ్చిమ ఆస్ట్రేలియాలో, అక్కడి భూగర్భ జలాలలో! ఉప్పు సముద్రం ఈదుకుంటూ అక్కడికి పోయే జీవి కాదది. మరి ఎట్లా చేరింది? అది ఎక్కడికీ పోలేదు. భూమే విడిపోయింది. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం వరకు మన నేల, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే ఖండంగా కలిసి ఉండేవి. అవి విడిపోతున్నప్పుడు వీటి పూర్వీకులు అప్పటికే నేల కింది నీళ్ళలో కాపురముంటున్నాయి. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే పశువులు చెరో దొడ్డికి పోయినట్లు, కొన్ని అటు పోయాయి, కొన్ని మనతో వచ్చాయి. హిమాలయాలు పుట్టక ముందు నుంచీ ఈ వంశం పైనున్న మనిషికి తెలియకుండా సాగుతున్నది.

ఈ గుహలు ఎట్లా ఏర్పడతాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మన కాళ్ళ కింది మట్టికి అందులో వాటా ఉన్నది. వాన నీరు ఒక్కటే సున్నపురాయిని పెద్దగా కరిగించలేదు. ఆ నీరు అడవి మట్టిలోనుంచి ఇంకుతున్నప్పుడు చెట్ల వేర్లు, వానపాములు, చెదలు, రోకలిబండలు, కంటికి కనబడని సూక్ష్మజీవులు వదిలిన ఊపిరి, అంటే బొగ్గుపులుసు వాయువు, అందులో కలుస్తుంది. నీటికి కొంచెం పులుపు వస్తుంది. ఆ పులుపు లక్షల ఏళ్ళు రాతిని కొద్దికొద్దిగా తినివేస్తే గుహ అవుతుంది. మట్టిలోని పురుగుల ఊపిరి కొండను తొలిచిందంటే అతిశయోక్తి కాదు. తొలిచిన తరువాత లోపలి ప్రాణులకు తిండి కూడా చాలా భాగం పైనుంచే రావాలి. ఆకులు కుళ్ళి, వాన నీటితో దిగిన సారమే వాటికి ఆధారం. గబ్బిలాలున్న చోట వాటి రెట్ట కూడా. పైన కొండ బోడి అయితే కింద పస్తులే.

డార్విన్ గారి పేరు చెబితే మనలో కొందరు మొహం ముడుచుకుంటారు. ఆయన చివరి పుస్తకం, 1881లో వచ్చినది, వానపాముల మీద. ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వాటి పొట్టలోనుంచి వెళుతుందని ఆయన లెక్క కట్టారు. ఆ ముసలి వయసులో వానపాముల ముందు కూర్చొని అంత ఓర్పుగా చూసిన మనిషిని నేను గౌరవిస్తాను. 2023లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం భూమి మీది జీవజాతులలో సగానికి పైగా, సుమారు 59 శాతం, మట్టిలోనే నివసిస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి ఇంతవరకు పేరైనా పెట్టలేదు.

ఇక పెద్దాయన ప్రశ్నకు వస్తాను. గురువిద్యాలయంలో మేము తత్వశాస్త్రం చదివే రోజుల్లో సృష్టిలోని జంతువులు, మొక్కలు మానవుని ఉపయోగం కోసమేనని నేర్చుకున్నాం. పునీత తోమాసు అక్వినాసు వారి రచనలలో ఈ మాట ఉన్నది, కాదనను. కాని పరీక్ష కోసం చదివేవాడు ఒక పేజీ చదివి రెండో పేజీ వదిలేస్తాడు. నేనూ అదే చేశాను. ఆయన సుమ్మా మొదటి భాగం 47వ ప్రశ్నలో, సృష్టిలో ఇన్ని రకాలు ఎందుకని అడుగుతారు. దేవుని మంచితనాన్ని ఏ ఒక్క ప్రాణీ పూర్తిగా చూపలేదు గనుక, ఒకదానిలో లేనిది మరొకదానిలో కనబడేటట్లు ఆయన అనేకం చేశాడని వారి సమాధానం. మరొక చోట ఇంకా ముందుకు వెళ్ళారు. రాయి కంటే దేవదూత గొప్పవాడే అయినా, దేవదూతలు మాత్రమే ఉన్న లోకం కంటే దేవదూతలూ మిగతావీ కూడా ఉన్న లోకమే మేలని వారి అభిప్రాయం. ఇది చదివినప్పుడు నాకు యాభై దాటింది.

యోబు గ్రంథం చివరి అధ్యాయాలు తీయండి. బాధలో ఉన్న యోబుకు దేవుడు ఇచ్చిన జవాబు వింత జవాబు. మనిషి ఎవరూ లేని ఎడారిలో తాను కురిపించే వానను గురించి చెబుతాడు. కొండమేకలు ఈనే వేళను గురించి అడుగుతాడు. ఎవరి పొలమూ తడపని ఆ వాన ఎందుకు? మన లెక్క ప్రకారం అది వృథా. దేవుడు మాత్రం దాన్ని గర్వంగా చెప్పుకుంటున్నాడు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖలోనూ ఇదే దారి. మిగతా జీవులకు దేవుని కన్నుల ఎదుట తమదైన విలువ ఉన్నదని, పురుగులు సూక్ష్మజీవులు సైతం మరువరానివని అందులో బోధించారు.

కొందరు మంచి ఉద్దేశంతోనే, ఈ పురుగులు నీటిని శుభ్రం చేస్తాయి, రేపు వీటిలో మందులు దొరకవచ్చు, అందుకని కాపాడాలి అంటారు. కావచ్చు. కాని ఆ వాదం మీద నాకు నమ్మకం తక్కువ. ఉపయోగం ఉన్నదని కాపాడితే, ఉపయోగం లేదని తేలిన రోజున ఏం చేస్తాం? మా విచారణలో మంచం పట్టిన ఒక అవ్వకు ప్రతి మొదటి శుక్రవారం దివ్యసత్ప్రసాదం తీసుకుపోతాను. ఆమె మనుషులను గుర్తుపట్టి చాలా కాలమైంది. ఒకసారి బంధువొకడు నా ఎదుటే, "ఇంక ఈమె ఎవరికి పనికొస్తుంది?" అన్నాడు. ఆ ఇంటి కోడలు మాట్లాడలేదు. దుప్పటి సర్ది, అవ్వ పెదవులు తడిపింది. అవ్వ, గుహలోని పురుగు ఒకటేనని నేను అనడం లేదు. అట్లా అనడం పాపం. అవ్వ దేవుని పోలికలో చేయబడినది, ఆమెకు అమరమైన ఆత్మ ఉన్నది. కాని "ఎవరికి పనికొస్తుంది" అనే కొలబద్ద మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ కొలబద్దను ఒక చోట చేతికి అలవాటు చేసుకున్నవాడు మరో చోట దాన్ని కింద పెట్టగలడా అని నా భయం.

మరి పొయ్యి సంగతి? పెద్దాయన పొయ్యి వెలగాలి. పిల్లవాడు ఆకలితో ఉండగా పురుగును చూసి మురిసిపోయేది భక్తి కాదు. అయితే మేకను కోసుకు తినడం వేరు, మేక అనే జాతే లేకుండా చేయడం వేరు. వాడుకోవడానికి మనకు హక్కున్నది. ఒకే గుహలో, ఒకే నీటిలో ఉన్న జాతి మీద చెయ్యి పడితే అది వాడుక కాదు, తుడిచివేయడం. పల్నాట సున్నపురాయి విస్తారంగా ఉన్నది. ఆ బిలం, దాని మీది కొండ, దానికి నీరు దిగే వాలు ఎంత మేర? అంతవరకు వదిలి మిగతా చోట రాయి తీసుకుంటే ఎవరి కూడు పోతుంది? అది నిర్ణయించేది తట్ట మోసే మనిషి కాదు. ఈ ప్రశ్న అతని నెత్తిన పెట్టి మనం చేతులు కడుక్కోరాదు. మన గుడి గోడల మీది సున్నం, నేను ఈ వ్యాసం రాస్తున్న గదికి వాడిన సిమెంటు కూడా ఏదో ఒక కొండలోనుంచి వచ్చినవే.

నా తప్పు కూడా చెప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం విచారణ పండుగకు ముందు, గుడి ఆవరణలో రోకలిబండలు ఎక్కువయ్యాయని, మరియమాత గుహ చుట్టూ, చెట్ల మొదళ్ళలో బస్తాడు చీమల మందు పొడి చల్లించాను. మర్నాడు ఉపదేశి గారు చీపురుతో ఊడ్చి తట్టలకెత్తించారు. రోకలిబండలతో పాటు వానపాములు, నేను పేరు ఎరుగనివి ఎన్నో ఉన్నాయి. ఆవరణ శుభ్రంగా ఉన్నదని పండుగకు వచ్చినవారు మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

ఆరుద్ర పురుగు మీకు గుర్తున్నదా? తొలకరి చినుకు పడగానే ఎర్రటి ముఖమల్ బొట్టులా నేల మీద నడిచే పురుగు. చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకునేవాళ్ళం, అగ్గిపెట్టెలో దాచేవాళ్ళం. అది ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, ఆ వానకే పైకి వస్తుంది. ఆ పండుగ తరువాత ఆరుద్ర కార్తెలు వచ్చాయి, పోయాయి. ఆవరణలో నాకు ఒక్కటి కనబడలేదు. మందు పొడి మానేశాను. రాలిన ఆకులను కాల్చకుండా వేపచెట్టు కిందనే వదిలేయిస్తున్నాను. చెత్తగా ఉన్నదని మరియదళం వారు కొంచెం నొచ్చుకుంటున్నారు.

ఈ ఏడు మొదటి వానకు జ్ఞానోపదేశం పిల్లలు ఆ చెట్టు కింద రెండింటిని చూశామని పరుగెత్తుకొచ్చారు. నేను చెప్పులేసుకొని వెళ్ళేసరికి అవి ఆకుల కిందికి వెళ్ళిపోయాయి.