ప్రాణానికి పరిహారం: కార్చిచ్చు మృతుల కుటుంబాల ముందున్న ధర్మప్రశ్న

కార్చిచ్చులో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం కోర్టుకెక్కగానే ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. పోయినవారి పేరు మీద డబ్బు పుచ్చుకోవడం వారి ప్రాణానికి వెల కట్టడమేనా? వెల కట్టేది పోయిన ప్రాణానికి కాదు, బతికి ఉన్నవారికి జరిగిన నష్టానికి అని చట్టం జవాబిస్తుంది. ఆ జవాబు సరైనదే, కానీ అదొక్కటే సరిపోదు. కుటుంబానికి దక్కవలసింది డబ్బు ఒక్కటే కాదు.

ఈమాత్రం జవాబు కూడా ఆంగ్ల న్యాయానికి చాలాకాలం లేదు. 1808 నాటి బేకర్ వర్సెస్ బోల్టన్ కేసులో గుర్రబ్బండి తిరగబడి ఒకాయన భార్యకు దెబ్బలు తగిలాయి. సుమారు నెల తర్వాత ఆమె చనిపోయింది. ఆమె బతికి ఉన్న ఆ కొద్ది రోజుల నష్టానికే భర్తకు పరిహారం ఇప్పించవచ్చని, మనిషి చావు సివిల్ కోర్టులో అడగదగిన నష్టం కాదని న్యాయమూర్తి లార్డ్ ఎలెన్‌బరో తేల్చాడు. ఆ లెక్కన గాయపరిచినవాడి కంటే ప్రాణం తీసినవాడే తక్కువతో బయటపడతాడు. అప్పటికి ఇంగ్లండులో డియోడాండ్ అనే పాత ఆచారం కూడా ఉండేది. చావుకు కారణమైన బండినో పశువునో, తర్వాతి కాలంలో రైలింజనునో దేవుడికి చెందవలసిన సొత్తుగా ఎంచి, దాన్నో దాని విలువనో రాజు తరఫున జప్తు చేసేవారు. చనిపోయినవారి పిల్లలకు అందులో హక్కు లేదు. 1846లో పార్లమెంటు డియోడాండ్‌ను రద్దు చేసి, అదే ఏడాది కుటుంబానికి దావా హక్కు ఇచ్చింది. మన దేశంలో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఆ నమూనాలో వచ్చిందే.

మత గ్రంథాలు ఈ చిక్కును అంతకు చాలా ముందే చూశాయి. బైబిల్ నిర్గమకాండంలో ఎద్దు పొడిచి మనిషి చనిపోతే యజమాని నిర్దోషి. ఆ ఎద్దుకు పొడిచే అలవాటుందని తెలిసీ కట్టేయకపోతే మాత్రం అతని ప్రాణమే బాకీ పడుతుంది, విమోచన ధనం విధిస్తే అది చెల్లించి బతకవచ్చు. కావాలని చేసిన హత్యకు డబ్బు తీసుకోరాదని సంఖ్యాకాండం నిషేధిస్తుంది. ఖురాన్ రెండో అధ్యాయం ప్రతీకారానికి బదులు పరిహారం తీసుకునే వెసులుబాటు హతుని బంధువులకిచ్చి, దాన్ని దైవకారుణ్యంగా చెబుతుంది. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సంప్రదాయపు ధర్మసూత్రం, చంపినవాడు పగ తీరడానికి ఆవులను ఇవ్వాలంటుంది. అయితే చనిపోయినవాడు క్షత్రియుడైతే వెయ్యి, వైశ్యుడైతే వంద, శూద్రుడైతే పది. పగ తీరడానికే ఇస్తున్నప్పుడు, ఒక తల్లి కడుపుకోత ఇంకో తల్లి కడుపుకోతలో నూరోవంతు ఎలా అవుతుంది? ఆ సూత్రం దీనికి జవాబు చెప్పదు. ఆధునిక కోర్టులు కులాన్ని వదిలేశాయి గాని, జీతాన్ని బట్టి మొత్తం మారే పద్ధతిని వదల్లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా చట్టంలో ఈ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ దావాలు రెండు రకాలు. ఒకటి కుటుంబం తన సొంత నష్టానికి వేసేది. భార్య లేదా భర్త, పిల్లలు ముందు వరసలో ఉంటారు, పిల్లలు లేనప్పుడు చనిపోయినవారి ఆస్తికి వారసులయ్యేవారికి అవకాశం వస్తుంది. తల్లిదండ్రులు పోషణకు ఆ వ్యక్తి మీదే ఆధారపడి ఉంటే వారూ వేయవచ్చు. పెళ్లి గాని, చట్టం గుర్తించిన భాగస్వామ్యం గాని లేకుండా ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషికి మాత్రం సాధారణంగా చోటుండదు. రెండోది చనిపోయినవారి సొంత హక్కు, వారి తరఫున వారసులు నడిపేది. తప్పు చేసినవారిని శిక్షించడానికి విధించే అదనపు పరిహారం ఈ రెండో దారిలోనే వస్తుంది. మామూలుగా గడువు రెండేళ్లు. ప్రభుత్వ సంస్థ మీదైతే ఆరు నెలల్లోపే ముందు క్లెయిము దాఖలు చేయాలి. చావు ఇంట్లో ఆరు నెలలంటే ఏమంత కాలం కాదు.

మొదటి దావాలో జ్యూరీ లెక్కించేది రెండు రకాల నష్టం. ఆ మనిషి తెచ్చే ఆదాయం, చేసే ఇంటిపని, అంత్యక్రియల ఖర్చు ఒక పద్దు. ప్రేమ, తోడు, ఆదరణ, మంచిచెడ్డలు చెప్పే పెద్దదిక్కు మరో పద్దు. ఏడుపునూ దుఃఖాన్నీ లెక్కలోకి తీసుకోవద్దని జ్యూరీకి విడిగా చెబుతారు. వినడానికి ఇది కఠినంగా ఉంటుంది, కానీ ఇందులో ఒక వివేకం ఉంది. తోడు పోవడం వేరు, ఆ పోవడం పెట్టే బాధ వేరు. బాధకు ధర కడితే ఎక్కువ ఏడ్చినవారికి ఎక్కువ, గుండె దిటవు చేసుకున్నవారికి తక్కువ ఇవ్వవలసి వస్తుంది. మొదట్లో ఎదురైన నైతిక ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ఆ కుటుంబం దుఃఖాన్ని అమ్ముకోవడం లేదు, ఎందుకంటే దుఃఖం ఆ బేరంలో లేనే లేదు.

2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని బ్యూట్ కౌంటీలో చెలరేగిన క్యాంప్ ఫైర్ ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసి 85 మందిని బలి తీసుకుంది. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హైటెన్షన్ లైను మీద దాదాపు నూరేళ్లనాటి ఇనుప కొక్కెం అరిగి విరగడంతో నిప్పు పుట్టింది. చనిపోయినవారిలో ఎక్కువమంది 65 దాటిన వృద్ధులు. ఆదాయం ప్రకారం లెక్కగడితే వారి చావుకు వచ్చేది స్వల్పం. తోడు, ఆదరణ అనే రెండో పద్దు ఎంత అవసరమో వారిని చూస్తే తెలుస్తుంది.

కంపెనీ 2019 జనవరిలో దివాలా రక్షణ కోరడంతో కుటుంబాల దావాలు బాధితుల ట్రస్టు దారి పట్టాయి. 2015, 2017, 2018 మంటల బాధితులందరికీ కలిపి ఒప్పుకున్న మొత్తం 1,350 కోట్ల డాలర్లు, అందులో సగం కంపెనీ షేర్ల రూపంలో. తమవారి చావుకు కారణమైన కంపెనీ షేరు ధర పెరిగితేనే తమకు పూర్తి డబ్బు అందే స్థితిలోకి బాధితులను నెట్టడం, ఎంత చట్టబద్ధమైనా, ధర్మం అనిపించుకోదు.

రెండో ప్రక్రియ క్రిమినల్ కోర్టులో జరిగింది. 2020 జూన్‌లో చీకో పట్టణంలోని కోర్టులో న్యాయమూర్తి ఒక్కొక్కరి పేరే చదువుతుంటే, తెర మీద వారి ఫొటోలు కనిపిస్తుంటే, కంపెనీ అధిపతి బిల్ జాన్సన్ ప్రతి పేరుకూ నేరం ఒప్పుకున్నాడు. 85 మరణాల్లో అభియోగం మోపినవి 84, కాబట్టి అలా 84 సార్లు. ఉద్దేశం లేని నరహత్యకు ఒక్కో అభియోగానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు. అదనపు రుసుములతో కలిపి మొత్తం జరిమానా సుమారు 35 లక్షల డాలర్లు, వ్యక్తిగతంగా ఎవరికీ జైలు శిక్ష పడలేదు. ఇది శిక్షగా చాలా తక్కువ. అయినా, ఫలానా మనిషి మా నిర్లక్ష్యం వల్ల చనిపోయాడని పేరుపేరునా నిండు కోర్టులో ఒప్పించడం ఏ ట్రస్టూ చేయలేని పని. నిర్గమకాండంలో యజమానిని పట్టించినది, ప్రమాదం ఎరిగీ ఎద్దును కట్టేయకపోవడం. ప్యారడైజ్‌లో కంపెనీ నోట ఒప్పించినదీ అలాంటి అశ్రద్ధనే.

2023 ఆగస్టులో హవాయిలోని లహైనా తగలబడి 102 మంది చనిపోయాక మరో దారి ముందుకొచ్చింది. హవాయి రాష్ట్రం, మావీ కౌంటీ, విద్యుత్ సంస్థ తదితరులు కలిసి వన్ ఒహానా నిధి పెట్టి, ఒక్కో మృతుని కుటుంబానికి 15 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. జీతం, వయసు చూడలేదు. మనిషికి ఉండేది ధర కాదు, గౌరవం అని జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో చేసిన విభజనకు ఈ సమాన మొత్తం దగ్గరగా వస్తుంది. అయితే పిల్లల చదువు, ఇంటి అప్పు లాంటి నిజమైన లోటు అందరికీ సమానం కాదు. కాబట్టి ప్రాణానికి సమానంగా, పోషణకు అవసరాన్ని బట్టి అని రెండుగా విడదీయడమే న్యాయంగా తోస్తుంది.

ఆ నిధి సొమ్ము తీసుకున్నవారు దావా హక్కు వదులుకోవలసి వచ్చింది. చాలా రాజీ పత్రాల్లో ఎదుటివారు తప్పు ఒప్పుకోవడం లేదనే షరతు కూడా ఉంటుంది. మన పత్రికల్లో తరచూ చదివే ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది, దాన్ని పుచ్చుకున్నంత మాత్రాన ఎవరూ తప్పు చేసినట్టు తేలదు. దావాలో గెలిచిన పరిహారం బాధ్యతను తేల్చి ఇచ్చేది. రాజీ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది, డబ్బు హక్కుగా వస్తుంది, నిజం మాత్రం పైకి రాకపోవచ్చు. అప్పులూ పసిపిల్లలూ ఉన్న కుటుంబం సంతకం పెడితే తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. ఆ సంతకం వదిలిపెట్టేది దావాను మాత్రమే. క్షమించాలా వద్దా అన్నది ఆ పత్రంలో లేదు, ఏ కోర్టూ దాన్ని ఆదేశించలేదు.